గమాక్సిను పొడిని తినుట నేర్చిన సూక్ష్మజీవులు

విద్యార్థులారా! మీ యిండ్లలోని పెద్దలను గమాక్సిను పొడిని గూర్చి యడిగి చూడుడు. ఆ పేరు వినగానే పలువురికి దాని ముక్కవాసన జ్ఞప్తికి వచ్చును. చీమలబారులమీదను, గోడల మొదళ్ళయందును, ధాన్యపు గాదెల చుట్టును, వరిచేలలోను ఒకప్పుడు దానిని విరివిగా చల్లుచుండిరి. రైతులు దానినే బి.హెచ్.సి. పొడి యనిరి. అది చవుక, పురుగు వెంటనే చచ్చెడిది, కాబట్టి దానిని వలదనినవారు లేకపోయిరి. నేడు మన దేశమున దానిని తయారుచేయుటయు, వాడుటయు చట్టముచే నిషేధింపబడినవి. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. సంవత్సరముల తరబడి మన మన్నులో పడిన ఆ విషమంతయు ఏమైనది?

కొంత వానలకు కొట్టుకొనిపోయినది. కొంత యెండకు ఆవిరియై గాలిలో కలిసినది. కొంత నేటికిని మన్నులోనే యున్నది. మరికొంతను కంటికి కనబడని బాక్టీరియా తినివేసినవి. ఈ కడపటి మాట ఆశ్చర్యము కలిగింపకమానదు. ఏలయనగా ఈ పదార్థము మానవుడు తయారుచేయువరకు మన్నులో లేదు. తాతముత్తాతలు ఎన్నడును చూడని పదార్థమును జీర్ణము చేసికొను శక్తి ఆ యల్పజీవులకెట్లు వచ్చినది? ఈ విషయమునే మేమిచ్చట సాధ్యమైనంత తేటగా వివరింప దలచితిమి.

మొదట ఆ పొడియొక్క పుట్టుకను తెలిసికొందము. 1825వ సంవత్సరమున మైకేల్ ఫారడే యను సుప్రసిద్ధ ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెంజీనను ద్రవమును క్లోరిను వాయువుతో గలిపి, సూర్యరశ్మి తగులనిచ్చి, దీనిని మొదటిసారి తయారుచేసెను. అది పురుగులను చంపునని అప్పుడెవరికిని తెలియదు. 1912లో వాన్ డెర్ లిండెన్ అను డచ్చి రసాయనశాస్త్రజ్ఞుడు దీనియందలి రూపభేదములను వేరుపరచి వర్ణించెను. లిండేను అను పేరు ఆయన పేరునుండి వచ్చినదే. 1940 తరువాతి యేండ్లలో, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, దీని కీటకసంహారశక్తి బయల్పడినది. యుద్ధానంతరమున ఇది ప్రపంచమంతట వ్యాపించినది. మన దేశమున 1952లో కలకత్తా చెంతనున్న రిష్రాలో దీనిని తయారుచేయు కర్మాగారము వెలసినది.

దీని అణువు కట్టడమును మనస్సున చిత్రించుకొనుట కష్టము కాదు. ఆరుగురు బాలురు చేతులు పట్టుకొని గుండ్రముగా నిలిచినట్లు ఆరు కర్బన పరమాణువులు ఒక వలయముగా నుండును. ఒక్కొక్క కర్బనమునకు ఒక క్లోరిను పరమాణువును, ఒక ఉదజని పరమాణువును అంటియుండును. ఈ క్లోరినులు కొన్నిచోట్ల వలయమునకు పైవైపునను, కొన్నిచోట్ల క్రిందివైపునను ఉండును. ఎచ్చట పైకి, ఎచ్చట క్రిందికి అనుదానినిబట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా మొదలగు రూపములు ఏర్పడును. వీని పాళ్ళన్నియు ఒకటే. అమరిక మాత్రమే వేరు. కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడుగరాదు అన్నట్లు కాక, ఒకే తోలుతో కుట్టిన వేరు వేరు చెప్పులు వేరు వేరు పాదములకు సరిపోవునని గ్రహించిన చాలును.

అంగడికి వచ్చిన ముడిపొడిలో నూటికి 60 మొదలు 70 పాళ్ళవరకు ఆల్ఫా రూపమును, 5 మొదలు 12 వరకు బీటా రూపమును, 10 మొదలు 15 వరకు గామా రూపమును, తక్కినది డెల్టా మొదలగునవియు నుండును. వీనిలో పురుగును చంపునది ముఖ్యముగా గామా రూపమొక్కటే. రైతు పది బస్తాలు చల్లిన, సుమారు ఒక బస్తా మాత్రమే పని చేసెడిది. తక్కినదంతయు మన్నునకు భారము. కొన్ని కర్మాగారములు గామాను వేరుచేసి లిండేను అను పేర అమ్మినవి. అట్లు ఒక టన్ను లిండేనును తీయగా 8 మొదలు 12 టన్నులవరకు పనికిరాని రూపములు మిగులును. ఆ మిగిలినదానిని పెక్కుచోట్ల కర్మాగారముల ప్రక్కనే గుట్టలుగా పోసిరి, లేదా గోతులలో పూడ్చిరి.

ఈ పదార్థము త్వరగా నశింపకపోవుటకు కారణములు రెండు. మొదటిది, కర్బనమునకును క్లోరినుకును గల బంధము గట్టిది. మన్నులోని సామాన్య జీవులు దానిని తెంపలేవు. రెండవది, ఇది నీటిలో మిక్కిలి కొంచెముగను, క్రొవ్వులో సులభముగను కరగును. కాబట్టి మేతద్వారా పశువు శరీరమున జేరి, క్రొవ్వులో నిలిచి, పాలద్వారా మనుష్యులకును, తల్లిపాలద్వారా శిశువులకును చేరుచుండెను. ఈ విషయమున బీటా రూపము అన్నిటికంటె మొండిది. అది శరీరమున చిరకాలము నిలుచును. ముడిపొడి వాడుకను మన ప్రభుత్వమువారు 1997లో నిషేధించిరి. 2009లో స్టాక్‌హోము ఒడంబడికలోని దేశములు ఆల్ఫా, బీటా రూపములను, లిండేనును తొలగింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చినవి. లిండేను తయారీ మన దేశమున 2011లోను, దాని వాడుక 2013లోను ఆపివేయబడెను. 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ లిండేనును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా నిర్ణయించెను.

ఇక సూక్ష్మజీవుల సంగతి. 1966లో ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థనుండి ఒక పరిశోధన ప్రకటింపబడినది. నీరు నిలిచిన వరిమళ్ళ మన్నులో గామా రూపము క్రమముగా మాయమగుచుండెను. మన్నును వేడిచేసి సూక్ష్మజీవులను చంపినయెడల అంత త్వరగా మాయము కాలేదు. అంతకంటె విశేషమేమనగా, అదే మన్నునకు రెండవమారు మందు వేసినప్పుడు అది మొదటిమారుకంటె వేగముగా పోయెను. అనగా మన్నులో నెవరో దానికి అలవాటుపడిరన్నమాట. ఆ యెవరో మన్నులోని సూక్ష్మజీవులు.

తరువాత జపానులో మరియొక నిదర్శనము దొరకినది. అచ్చటి యొక ప్రయోగక్షేత్రమున పండ్రెండేండ్లు ఏటేట గామా రూపమును చల్లుచు వచ్చిరి. ఆ మన్నునుండి గాలి యుండగనే గామాను తినివేయు బాక్టీరియాను వేరుపరచినట్లు 1989లో ప్రకటించిరి. దానినుండి వచ్చిన వంశమునకు యు.టి. 26 అని పేరు. ఆ మరుసటి యేడు, అనగా 1990లో, మన దేశమున కటకములోని కేంద్ర వరి పరిశోధనాసంస్థయందు సేతునాథన్ గారును వారి సహచరులును చెరకు వేళ్ళచుట్టునున్న మన్నునుండి అట్టి బాక్టీరియానే కనుగొనినట్లు ప్రకటించిరి. ఇది ఆల్ఫా, గామాలనే గాక మొండిదైన బీటానుకూడ మార్చగలిగెను. ఈ వంశమునకు బి-90-ఎ అను పేరు నిలిచినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున రూప్ లాల్ గారి బృందమువారు దీనిని చిరకాలము పరిశోధించిరి. నేడు దీని శాస్త్రీయనామము స్ఫింగోబియం ఇండికం. ఇండికం అనగా భారతదేశమునకు సంబంధించినదని యర్థము. ఫ్రాన్సు దేశపు మన్నులోను ఇట్టి జీవియే దొరకినది.

ఈ జీవులు పనిచేయు తీరును తెలిసికొనవలెనన్న ఎంజైమనగా నేమో తెలియవలెను. జీవికణములో జరుగు ప్రతి రసాయనక్రియకును ఒక పనిముట్టు కావలెను. ఆ పనిముట్టే ఎంజైము. అది మాంసకృత్తు జాతిది. ఆమినో ఆమ్లములను చిన్న పూసలు వరుసగా గ్రుచ్చబడి, ఆ దండ చుట్టలు చుట్టుకొని, నడుమ నొక చిన్న గుంటతో ఒక నియతమైన ఆకారము పొందును. ఆ గుంటలో నిమిడెడి పదార్థముమీదనే ఎంజైము పనిచేయును. తాళమునకు తగిన తాళపుచెవి యుండవలెను గదా, అట్లే. పూసల వరుస యెట్లుండవలెనో చెప్పు వ్రాత జన్యువులో నుండును. ఆ వ్రాతలో ఒక అక్షరము మారిన, ఒక పూస మారవచ్చును. ఒక పూస మారిన, గుంట ఆకారము మారవచ్చును.

గామా రూపమును తిను బాక్టీరియాలో ఈ పనికై వరుసగా పెక్కు ఎంజైములు గలవు. లిండేను పేరునుబట్టి వానికి లిన్-ఎ, లిన్-బి, లిన్-సి అని పేరులు పెట్టిరి. మొదట లిన్-ఎ వలయమునుండి ఒక క్లోరినును, దాని ప్రక్క కర్బనమునందలి యొక ఉదజనిని జతగా పెరికివేయును. ఆ పనినే మరల నింకొకమారు చేయును. అప్పటికి ఆరింట రెండు క్లోరినులు పోయినవి. తరువాత లిన్-బి వచ్చును. దానిలో నూట యెనిమిదవ పూసయైన ఆస్పార్టిక్ ఆమ్లము కర్బనమును పట్టుకొని క్లోరినును వెడలగొట్టును. పిమ్మట ఒక నీటి యణువు వచ్చి యా పట్టును విడిపించును. ఫలితముగా క్లోరిను ఉన్నచోట నీటిభాగము నిలుచును. ఇట్లు మరి రెండు క్లోరినులు పోవును. లిన్-సి ఆ పదార్థమును తరువాతి పనికి అనువుగా మార్చును. మిగిలిన క్లోరినులను లిన్-డి, లిన్-ఇ అనునవి తొలగించును. లిన్-ఇ వలయమును పగులగొట్టును. వలయము విడిన పిమ్మట మిగిలినది సామాన్యమైన ఆమ్లము. దానిని తక్కిన ఎంజైములు బాక్టీరియాకు ఆహారముగా మార్చివేయును. ఒకనాటి విషము బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను, ఉప్పులోని క్లోరైడుగను, ఆ జీవి శరీరముగను పరిణమించును.

ఇంత చక్కని పనిముట్ల వరుస అరువది డెబ్బది యేండ్లలోపల నెట్లు సమకూడినది? క్రొత్తగా శూన్యమునుండి పుట్టినదా? కాదు. మన గ్రామమున కమ్మరి క్రొత్త పనిముట్టు కావలసినప్పుడు గనికి పోయి యినుము త్రవ్వడు. అరిగిన నాగటికర్రును కొలిమిలో పెట్టి సాగగొట్టి గునపముగా మార్చును. సృష్టిలో సూక్ష్మజీవుల పరిణామమును అట్టిదే. పాత పనిముట్లు కొద్దిగా మారి, క్రొత్త పనికి వచ్చినవి.

ఈ మాటకు నిదర్శనములు చూపెదము. వలయము విడిన తరువాత పనిచేయు ఎంజైములు క్రొత్తవి కావు. రాలిన యాకులు, మ్రాను మొదలగు వృక్షపదార్థములు మురుగునప్పుడు వెలువడు వలయపుటణువులను జీర్ణము చేసికొనుటకు మన్నులోని అనేక బాక్టీరియాలు అనాదినుండి అట్టి ఎంజైములనే వాడుచున్నవి. లిన్-బి సంగతి చూతము. దీనికి బంధువులగు ఎంజైములు లోకమున పెక్కు గలవు. పప్పుజాతి మొక్కల వేళ్ళబుడిపెలలో నివసించు బాక్టీరియాలోను, క్షయరోగమును కలిగించు బాక్టీరియాలోను అట్టి బంధువులున్నవి. క్లోరిను గలిసిన కర్బనపదార్థములు మనుష్యుడు తయారుచేసినవి మాత్రమే కావు. సముద్రపు నాచులు, శిలీంధ్రములు మొదలగునవి అట్టివానిని వేలకొలది రకములుగా స్వయముగనే తయారుచేయుచున్నవి. కాబట్టి కర్బనమునుండి క్లోరినును వెడలగొట్టు విద్య ప్రకృతిలో పాతదే. గమాక్సినుమీద దానిని ప్రయోగించుటయే క్రొత్త.

లిన్-ఎ సంగతి యింతకంటె గూఢము. దాని పూసల వరుసను పోల్చి చూచినప్పుడు దగ్గరి బంధువు శాస్త్రజ్ఞులకు సులభముగా దొరకలేదు. కాని దాని ఆకారమును చూచినప్పుడు ఒక పోలిక కనబడినది. శిలీంధ్రములలో నల్లరంగును తయారుచేయుటకు తోడ్పడు ఒక ఎంజైము గలదు. అది తన అణువునుండి నీటిభాగమును పెరికివేయును. లిన్-ఎ దానివలెనే ముడుచుకొనియున్నది. ఒకటి నీటిని తీయును; రెండవది ఉదజనిని క్లోరినును జతగా తీయును. పని భేదించినను పనితీరులో పోలిక యున్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గమనింపవలెను. ఏ ఎంజైమును తన పనియందు సంపూర్ణముగా నిష్ఠ గలది కాదు. ఒక తాళపుచెవి తన తాళమును సులభముగా తెరచును. కాని కొంచెము కదల్చి త్రిప్పినయెడల పొరుగింటి తాళమునుకూడ ఎప్పుడైన తెరువవచ్చును. అట్లే ఎంజైము తన సొంత పదార్థముమీద చురుకుగను, దానిని పోలిన క్రొత్త పదార్థముమీద మిక్కిలి మందముగను పనిచేయవచ్చును. సాధారణముగా ఈ మందపు పనివలన జీవికి లాభము లేదు. కాని పొలమంతయు ఆ క్రొత్త పదార్థముతో నిండినప్పుడు, ఆ మందపు పనియే బ్రదుకుతెరువు కావచ్చును.

ఆ మందపు పని చురుకుపనిగా మారుటెట్లు? బాక్టీరియా రెండుగా చీలునప్పుడు తన వ్రాతనంతయు ప్రతి వ్రాయును. అది లక్షలకొలది అక్షరముల వ్రాత. ఎంత జాగ్రత్తగా వ్రాసినను కొన్ని వందల చీలికలకొకమారు ఎచ్చటనో ఒక అక్షరము తప్పిపోవును. గుప్పెడు మన్నులో బాక్టీరియా కోట్లకొలది యుండును గనుక ఇట్టి తప్పులు నిత్యమును పుట్టుచునే యుండును. అందు పెక్కు తప్పులవలన లాభము లేదు, కొన్ని హానికరములు. కాని ఏ యొక్కటియో ఎంజైము గుంటను కొంచెము సవరించి క్రొత్త పదార్థము చక్కగా నిముడునట్లు చేసినయెడల, ఆ బాక్టీరియాకు ఇతరులకు దొరకని అన్నము దొరకును. దాని సంతతి పెరుగును. తక్కినవాని సంతతి తగ్గును. తరతరములకు ఇట్లు జరుగగా పొలమునందలి జనసంఖ్యయే మారిపోవును.

కాబట్టి సూక్ష్మజీవి నేర్చుకొన్నదని మేము చెప్పిన మాటను విద్యార్థి పాఠము నేర్చుకొనినట్లు గ్రహింపరాదు. విషము బాక్టీరియాకు పాఠము చెప్పదు. బాక్టీరియాయును శ్రద్ధతో వినదు. మార్పు యాదృచ్ఛికముగా పుట్టును. పొలము పరీక్షాధికారివలె దానిని ఎన్నుకొనును. ఒక్కొక్క జీవి నేర్వదు; వంశము మారును.

దీనికి లిన్-బి కథయందు స్పష్టమైన దృష్టాంతము గలదు. బీటా రూపములో క్లోరినులన్నియు వలయపు టంచువెంట ప్రక్కలకు చాచుకొనియుండును. లిన్-ఎ పనిచేయవలెనన్న క్లోరినును ప్రక్క ఉదజనియు ఒకటి నిలువుగా పైకి, ఒకటి నిలువుగా క్రిందికి ఉండవలెను. బీటాలో అట్టి జత ఒకటియు లేదు. కాబట్టి దానియెదుట లిన్-ఎ చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. అప్పుడు మిగిలిన యాశ లిన్-బి. జపానులోని యు.టి. 26 యొక్క లిన్-బి బీటామీద మెల్లగా పనిచేసి, ఒక క్లోరినును తీసి అంతటితో నిలిచిపోవును. అదే దేశమున దొరకిన ఎం.ఐ. 1205 అను మరియొక వంశపు లిన్-బి మాత్రము వేగముగా పనిచేసి, రెండవ క్లోరినునుకూడ తీసివేయును. ఈ రెండు ఎంజైములలో నొక్కొక్క దానికి 296 పూసలు. అందు భేదించినవి ఏడు మాత్రమే! మొదటిదానిలోని పూసలను క్రమక్రమముగా రెండవదానివలె మార్చుచు పోగా, దాని శక్తి మెట్టు మెట్టుగా పెరిగినట్లు 2014లో ప్రకటింపబడిన ప్రయోగములవలన తేలినది. పరిణామము నడచిన మెట్లను మరల నెక్కి చూచినట్లాయెను.

ఇదంతయు ఒక్కొక్క పనిముట్టు పదునెక్కిన కథ. కాని పనిముట్లన్నియు ఒక్కచోట చేరవలెను గదా! అదెట్లు? బాక్టీరియాల వ్రాతలో కొన్ని తుంటరి భాగములు గలవు. అవి తామున్న చోటినుండి మరియొక చోటికి దుముకుచుండును; దుముకునప్పుడు ప్రక్కనున్న జన్యువులనుకూడ వెంటగొనిపోవును. అట్టి భాగములలో ఐ.ఎస్. 6100 అనునది లిన్ జన్యువుల చెంత మాటిమాటికి కనబడుచున్నది. మన దేశపు బాక్టీరియాలోను, జపాను దానిలోను, ఫ్రాన్సు దానిలోను అది యున్నది. ఇదిగాక, బాక్టీరియాలు చిన్న వలయములవంటి వ్రాతలను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనును. అనగా తండ్రినుండి కొడుకునకే గాక పొరుగువానినుండి పొరుగువానికిని ఆస్తి సంక్రమించును. 2010లో యు.టి. 26 యొక్క వ్రాతనంతయు చదివినప్పుడు లిన్ జన్యువులు ఒక్కచోట గాక మూడు వేరు వేరు వలయములమీద చెదరియున్నట్లు కనబడెను. పాతకాలపు ఇల్లాలు పలుచోట్ల దొరకిన గుడ్డపీలికలతో బొంత కుట్టినట్లు, ఈ జీవి తన సామగ్రిని పలు మూలలనుండి కూర్చుకొన్నదని దీనివలన తోచుచున్నది.

దుముకు భాగములవలన లాభమెంతయో చంచలత్వమును అంతయే. విషము లేనిచోట ఈ బాక్టీరియాను పెంచినయెడల కొన్ని సంతతులు లిన్-ఎ జన్యువును పోగొట్టుకొనును. అక్కరలేని పనిముట్టును మోయుట దండుగ. కావుననే ఈ శక్తి స్థిరమైన సొత్తు కాదు, అవసరమున్నంతకాలము నిలుచునట్టిది.

ఇంతవరకు చదివినవారిలో కొందరు, ప్రకృతియే శుభ్రము చేసికొనునప్పుడు మనకేమి చింత యని తలపవచ్చును. ఆ తలంపు సరియైనది కాదు. లక్నో పట్టణము చెంతనున్న ఉమ్మారి గ్రామపు వృత్తాంతమే దీనికి సాక్ష్యము. లిండేను తయారీలో మిగిలిన పనికిరాని పొడిని అచ్చట నేలమీద గుట్టలుగా పోసిరి. రూప్ లాల్ గారి బృందమువారు ఆ మన్నును పరీక్షింపగా, కొన్నిచోట్ల ఒక గ్రాము మన్నులో 450 మిల్లీగ్రాములవరకు ఈ విషముండెను. అనగా బరువులో సుమారు సగము. అట్టి మన్నులోను ఈ జాతి బాక్టీరియాలు బ్రదుకుచున్నవి. ఇది వాని ఘనత. అయినను ఆ గుట్టలు వానంతట అవి కరగిపోలేదు.

దీనికి కారణములు గలవు. పొడి గడ్డలు గట్టి నీటిలో కరగకున్న ఎంజైము దానిని ముట్టలేదు. తేమయు, గాలియు, తక్కిన పోషకములును చాలకున్న బాక్టీరియా పెరుగదు. బీటాను మార్చినపుడు వచ్చిన పదార్థములను పూర్తిగా తినివేయుట వీనికి ఇంకను సులభము కాలేదు. పని నడుమనే నిలిచిపోవుచున్నది. ఈ లోపములను తీర్చుటకై శాస్త్రజ్ఞులు ఉపాయములు వెదకుచున్నారు. బి-90-ఎ బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి, మొక్కజొన్న బెండ్ల పొడికి పట్టించి, విషపు మన్నులో కలిపి చూచిరి. మన్నులోనున్న స్థానిక బాక్టీరియాలకే నీరు, గాలి, ఎరువు అమర్చి వానిని పెంచుట మరియొక మార్గము. ఎంజైముల పూసలను తెలిసి మార్చి మరింత చురుకుగా చేయుట మూడవ మార్గము. ఈ ప్రయత్నములు ఫలించిన, పాడైన భూములను మరల పంటకు తెచ్చుకొనవచ్చును.

ఇచ్చట కాలమును గూర్చి ఒక్క మాట. ఒక కర్మాగారము ఒక్క దినమున పోయగల విషమును విరుగగొట్టుటకు తగిన ఎంజైములు మన్నులో సమకూడుటకు దశాబ్దములు పట్టెను. అప్పటికిని పని సంపూర్తి కాలేదు. ఈలోపల మనుష్యులు త్రాగిన నీరు, పశువులు మేసిన గడ్డి, శిశువులు త్రాగిన పాలు ఆగియుండలేదు. మానవుడు చేయుటలో తొందరపడును. ప్రకృతి బాగుచేయుటలో తొందరపడదు. ఈ రెండింటి నడుమ గల యెడమునందే మన కష్టమంతయు నున్నది. కాబట్టి క్రొత్త పదార్థమును పొలములో చల్లుటకు పూర్వమే, దీనిని విరుగగొట్టు పనిముట్టు మన్నులోని జీవులయొద్ద గలదా యని విచారించుట వివేకులు చేయవలసిన పని.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. పాత యిండ్ల అటకలమీదను, పశువులకొట్టములలోను, ఎప్పటిదో గమాక్సిను డబ్బా నేటికిని పడియుండవచ్చును. దానిని పిల్లల చేతికి అందనీయకుడు. చెరువులోగాని, బావి దగ్గరగాని, పెంటకుప్పలోగాని పారవేయకుడు, పొయ్యిలో కాల్చకుడు. దానిని విప్పక, వ్యవసాయశాఖవారికి తెలిపి, వారి సలహా ననుసరింపుడు. విద్యార్థులకు మా మాట వేరు. జీవశాస్త్రమున ఇంకను చదువబడని పుటలు మీ కాలిక్రింది మన్నులోనే యున్నవి. చెరకు వేళ్ళ చుట్టునున్న పిడికెడు మన్నులోనే గదా కటకములోని పరిశోధకులకు ఆ జీవి దొరకినది! మన భూముల వ్యాధిని కుదుర్చు పనిముట్టులలో మిగిలిన కొన్నిటిని మీలో నెవరైన కనుగొందురని మేము మనసార ఆశించుచున్నాము.